పీపీ చిరునామాకు ఒక ఉత్తరం

1998 జూన్‌లో విశ్వవిద్యాలయ కంప్యూటర్ కేంద్రం నుంచి నన్ను దూరవిద్యా విభాగానికి డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నా హోదా సిస్టమ్స్ అనలిస్ట్. ఉత్తర్వులో నా పని ఒక్క వాక్యంలో ఉంది: "ఈ-మెయిల్ ద్వారా కోర్సుల ప్రచారమును యాంత్రీకరించుట." ఆ వాక్యం రాసిన గుమాస్తా ఈ-మెయిల్‌ను కళ్లతో చూసి ఉండడు. చూసిన నాకు కూడా ప్రచారం అనే మాట మింగుడుపడలేదు. పరీక్షా ఫలితాలు, జీతాల బిల్లులు చేసిన చేతులతో ఇప్పుడు కోర్సులు అమ్మాలా అని రెండు రోజులు ముఖం ముడుచుకునే తిరిగాను.

దూరవిద్యా విభాగం డైరెక్టర్ ప్రొఫెసర్ మూర్తి గారు. గుంటూరు వైపు మనిషి, తొందరెక్కువ. ఏదో విదేశీ పత్రికలో చదివారట, ఒక్కొక్క చందాదారుకు అతని అవసరాన్ని బట్టి ఒక్కొక్క ఉత్తరం కంప్యూటరే తయారుచేసి పంపుతుందని. నన్ను కూర్చోబెట్టి, "చూడండి శారద గారూ, కరపత్రం ఇస్తే జనం దాంట్లో పల్లీలు పొట్లం కట్టుకుంటారు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం వెనక్కి తిరిగి చూస్తారు. ఆ పిలిచే పని మీ మెషీన్ చెయ్యాలి," అన్నారు. ముందుగా ఒక్క కోర్సుతో మొదలుపెట్టమన్నారు.

ఆ కోర్సు పేరు కార్యాలయ ఆంగ్లం. ఆర్నెల్ల సర్టిఫికెట్ కోర్సు, సాయంత్రం తరగతులు, తార్నాకలో అద్దెకు తీసుకున్న ఒక స్కూలు గదిలో. ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు మీద గుమాస్తా తన అభిప్రాయం రాయడాన్ని నోటింగ్ అంటారు. నిర్ణయం అయ్యాక బయటికి వెళ్లే ఉత్తరాన్ని తయారుచెయ్యడం డ్రాఫ్టింగ్. ఈ రెండూ ఇంగ్లిష్‌లో రాయడం రాకపోతే శాఖాపరమైన పరీక్ష గట్టెక్కదు. అది గట్టెక్కకపోతే ప్రమోషన్ లేదు. అందువల్ల ఈ కోర్సుకు గిరాకీ ఉండాలి. కానీ ఏటేటా చేరేవాళ్లు తగ్గుతున్నారు. ఈసారి కనీస సంఖ్య రాకపోతే కోర్సు ఎత్తేయమని పైనుంచి తీర్మానం వచ్చింది.

కోర్సుతో పాటు ఒక మనిషి ఉద్యోగం కూడా పోతుంది. ఆమె సుగుణమ్మ గారు. మెదక్ జిల్లా పల్లె నుంచి మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని పైకి వచ్చిన మనిషి. నలభై దాటాయి. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కాపురం. పాఠాలు రాసేది, చెప్పేది, కాపీలు దిద్దేది ఆమె ఒక్కతే. పేరుకు కాంట్రాక్ట్ లెక్చరర్. ఆ కాంట్రాక్టు విభాగంతో లేదు, కోర్సుతో ఉంది. కోర్సు ఆగితే మరునాటి నుంచి ఆమె రానక్కరలేదు. మొదటి రోజే నా బల్ల ముందు కూర్చుని, "మేడమ్, మీ మెషీన్ నాకోసం నడుస్తున్నదని మీకు ఎరుకేనా?" అని నవ్వుతూ అడిగారు. ఆ నవ్వు చూశాక ముడుచుకున్న నా ముఖం దానంతటదే విచ్చుకుంది.

మాకున్న చందాదారులు అంతకుముందు చలికాలంలో క్యాంపస్‌లో జరిగిన విద్యా ప్రదర్శనలో మా స్టాల్‌కు వచ్చి కార్డులు నింపినవాళ్లు. పేరు, ఆఫీసు, హోదా, సర్వీసు, ఇంగ్లిష్‌లో ఏది కష్టంగా ఉంది, ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు, ఈ-మెయిల్ చిరునామా ఏమిటి, ఇవీ కార్డులోని గడులు. చిరునామాల్లో ఎక్కువ భాగం తార్నాక చుట్టుపక్కల ఆఫీసులవే. పరిశోధనశాలలకూ కొన్ని పెద్ద కార్యాలయాలకూ అప్పుడప్పుడే ఈ-మెయిల్ వచ్చింది. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు బహుకొద్ది మంది.

డేటా ఎంట్రీ ఆపరేటర్లు ఆ కార్డులను ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ ప్రోగ్రాములో ఎక్కించారు. చిరునామా తర్వాత ఖాళీ వదిలి ఇంకేదైనా రాసి ఉంటే మెయిల్ ప్రోగ్రాము ఆ ఉత్తరాన్ని తిప్పికొడుతుంది కాబట్టి, చిరునామా వరకే ఎక్కించి మిగతాది వదిలేయడం ఆనవాయితీ. ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించి చేసింది కాదు. అందరూ అలాగే చేసేవాళ్లు.

ఉత్తరాలు తయారయ్యే పద్ధతి చెబుతాను. సుగుణమ్మ గారు చిన్న చిన్న పేరాలు రాసి ఇచ్చారు. వాటిని నేను ఇటుకలనేదాన్ని. వాక్యనిర్మాణం కష్టం అన్నవాళ్లకు ఒక ఇటుక, డ్రాఫ్టింగ్ మాత్రమే కావాలన్నవాళ్లకు ఒకటి, పరీక్ష దగ్గర పడ్డవాళ్లకు ఇంకొకటి. ఏ గడిలో ఏముంటే ఏ ఇటుక పేర్చాలో నేను నియమాలు రాశాను. చేరేదాకా ఒక్కొక్కరికి మూడు ఉత్తరాలు వెళ్లాలి. మొదటిది పలకరింపు, వారం తర్వాత రెండోది, ఆఖరి తేదీకి ముందు మూడోది. మా యునిక్స్ యంత్రంలో ఒక పట్టిక ఉండేది. ఏ రోజు ఏ పని మొదలుకావాలో అందులో ఒక వరుస రాసిపెడితే మనం మరిచిపోయినా అది మరిచిపోదు. అప్పట్లో మెయిల్‌లో తెలుగు అక్షరాలు పంపే వీలు లేదు కాబట్టి ఉత్తరాలన్నీ తేలికైన ఇంగ్లిష్‌లో ఉండేవి.

వాక్యనిర్మాణం ఇటుక నాకిప్పటికీ గుర్తుంది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "ఫైలు ముందు పెట్టుకుని పెన్ను తీయగానే చెయ్యి ఆగిపోతోందని మీరు రాశారు. నాకూ ఒకప్పుడు అలాగే ఆగిపోయేది. మొదటి పాఠం నుంచి మొదలుపెడదాం. చిన్న వాక్యం, తప్పు లేని వాక్యం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు." చదువుతుంటే ఆమె ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. ఇంత మంచి మాటలను వందల మందికి ఒకేసారి చెప్పే పని నా ప్రోగ్రాము చేస్తుందని నాకు లోలోపల గొప్పగానే ఉండేది. జూలై మొదట్లో మొదటి విడత వెళ్లింది. తిరిగొచ్చిన ఉత్తరాలు చాలా తక్కువ. డైరెక్టర్ గారు ఆ సాయంత్రం స్టాఫ్ అందరికీ సమోసాలు తెప్పించారు.

దరఖాస్తులు మాత్రం రాలేదు. నాలుగైదు రోజులు ఎదురుచూశాం. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఒక పెద్దమనిషి వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో మడిచిన కాగితాలు. తార్నాకలోనే ఒక కార్యాలయంలో హెడ్ క్లర్క్‌నని, పేరు నర్సింగరావని చెప్పుకున్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు. రెండు కాగితాలు తీసి నా బల్ల మీద పక్కపక్కన పరిచారు. రెండింటికీ పై అంచులో గుండుసూది గుచ్చిన రంధ్రాలున్నాయి.

"ఇవి మీ ఆఫీసు నుంచే వచ్చినయా మేడమ్?" అని అడిగారు. అవునన్నాను. "రెండు దినాలు మా బోర్డు మీద ఉన్నయి," అన్నారు.

విషయం ఇది. వాళ్ల సెక్షన్ మొత్తానికి ఈ-మెయిల్ ఒక్కటే. అందులో ఏది వచ్చినా ప్రింటు తీసి నోటీసు బోర్డుకు పెట్టడం అక్కడి ఆపరేటర్ విధి. సర్క్యులర్ అయినా, సెమినార్ పిలుపు అయినా, ఎవరిదైనా సొంత ఉత్తరం అయినా సరే, ఎవరిది వాళ్లు వచ్చి తీసుకుంటారు. తీసుకునేలోపు మిగతావాళ్లంతా చదువుతారు. మా దగ్గర కార్డులు నింపినవాళ్లు ఆ సెక్షన్‌లోనే ఎక్కువమంది. అందరి ఉత్తరాలూ వరసగా బోర్డెక్కాయి. హెడ్ క్లర్క్ గారి ఉత్తరంలో మొదటి పాఠం నుంచి మొదలుపెడదాం, సిగ్గుపడొద్దు అని ఉంది. పక్కనే మొన్న మొన్న చేరిన కవిత అనే జూనియర్ క్లర్క్ ఉత్తరంలో మీకు పునాది బాగుంది, మీరు నేరుగా డ్రాఫ్టింగ్‌కు రావచ్చు అని ఉంది. ఆ కవిత పెట్టే నోట్లు దిద్దేది నర్సింగరావు గారే.

"ఇన్నేండ్ల సంది నేను నోట్ పెడితెనే సాబ్ సంతకం పెడుతడు మేడమ్," అన్నారాయన. గొంతు పెంచలేదు. "ఇప్పుడు నేను క్యాంటీన్‌ల అడుగు పెడితే, మొదటి పాఠం సార్ వచ్చిండు అంటున్రు."

అది ఆయన ఒక్కరికే ఉద్దేశించి రాసిన ఉత్తరమని, అందరూ చదవడం మా ఉద్దేశం కాదని నాకు తోచినట్టు చెప్పాను. "నా ఒక్కనికే అయితే నన్ను పిలిచి చెప్పాలె గద. కార్డు మీద పీపీ అని రాసిన గద," అన్నారు. కాగితాలు మళ్లీ మడిచి జేబులో పెట్టుకుంటూ, కోర్సు తమకు వద్దని, తమ సెక్షన్ నుంచి ఎవ్వరూ రారని చెప్పారు. బెదిరింపులా అనలేదు. ఫైలు మీద నోట్ పెట్టినట్టు చెప్పి వెళ్లిపోయారు.

సుగుణమ్మ గారు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నారు. లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. "అవి నా మాటలే మేడమ్. తలుపు దగ్గరేసుకుని ఒక్కనికి చెప్పే మాటలు. నలుగుర్ల చెప్తే గవే తిట్లు అయితయి," అన్నారు. ఆ రెండు రోజుల్లో ఇంకో మూడు ఆఫీసుల నుంచి ఇలాంటి ఫోన్లే వచ్చాయి. ఒకాయనకైతే మా ఉత్తరంలో పరీక్ష రెండుసార్లు తప్పిన సంగతి ఉందట. అది ఆయన కార్డులో స్వయంగా రాసిందే. సెక్షన్‌లో మాత్రం ఎవరికీ తెలియదు.

పట్టికలో రెండో విడత శుక్రవారానికి సిద్ధంగా ఉంది. ఆ ఉత్తరంలో, మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు, పునాది లేదని వెనకాడకండి అని ఉంటుంది. నర్సింగరావు గారికి అది మళ్లీ బోర్డెక్కితే ఏమవుతుందో ఊహించుకుని నేను ఆ వరుసను పట్టికలోంచి తీసేశాను. అడగకుండా తీసేసినందుకు డైరెక్టర్ గారు మండిపడతారని తెలుసు. తీసేశాకే ఇంటికి వెళ్లాను.

మా ఇల్లు తార్నాకలోనే, క్యాంపస్ నుంచి నడిచి వెళ్లే దూరం. ఆ భవనంలో ఫోన్ మాకొక్కరికే ఉండేది. పై అంతస్తులో లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసే స్టీఫెన్ గారి కుటుంబం ఉండేది. వాళ్ల చుట్టాలందరి దగ్గరా మా నంబరే ఉండేది, పక్కన పీపీ అని రాసుకుని. ఆ రోజుల్లో పెళ్లి శుభలేఖల మీద, విజిటింగ్ కార్డుల మీద, దుకాణం బోర్డుల మీద కూడా ఈ రెండక్షరాలు కనిపించేవి. వాటి పూర్తి పేరేమిటని అడిగితే తలా ఒకటి చెప్పేవాళ్లు. అర్థంలో మాత్రం తేడా లేదు. ఫోను పక్కింటివాళ్లది, పిలిస్తే వస్తాను అని.

ఆ సాయంత్రం నేను చెప్పులు విడుస్తుండగానే ఫోన్ మోగింది. మా అత్తగారు ఎత్తారు. అవతల ఎవరో ఆడమనిషి, గొంతు నాదాకా వినిపిస్తోంది. "స్టీఫెన్‌ను జర పిలుస్తరా అమ్మా?" అంది. అంతా కులాసాయేనా అని అడిగారు అత్తగారు. "ఏం లేదమ్మా, మాట్లాడేదుండె," అంది. అత్తగారు మెట్ల దగ్గరికి వెళ్లి కేక వేశారు. స్టీఫెన్ గారు దిగివచ్చి మా అందరి మధ్యా నిలబడి, "ఆ... ఆ... సరే, పొద్దుగాల వస్తా," అని పెట్టేసి, థాంక్స్ చెప్పి పైకి వెళ్లిపోయారు.

"ఏదో అయిందే వాళ్ల ఇంట్లో. మొహం చూశావా?" అన్నారు అత్తగారు. మరి అడగలేకపోయారా అన్నాను. "బాగుంది. అడిగితే చెప్తాడు. చెప్పాక రోజూ ఆ మెట్ల మీద నాకెదురు పడాలా వద్దా?" అన్నారు.

ఆ మాట దగ్గర నేను చెప్పులు చేత్తో పట్టుకునే ఆగిపోయాను. పీపీ నంబరుకు ఒక మర్యాద ఉంది. ఫోన్ చేసినవాళ్లు విషయం చెప్పరు, మనిషిని మాత్రమే పిలవమంటారు. ఫోను యజమాని విషయం అడగడు. వచ్చినవాడు నలుగురి ముందు ఊ కొట్టి, అసలు సంగతి ఎక్కడ మాట్లాడుకోవాలో అక్కడ మాట్లాడుకుంటాడు. ఇది మా అత్తగారికి తెలుసు, ఫోన్ చేసిన ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. రోజూ చేస్తున్నదే. సెక్షన్ మొత్తానికీ ఒకటే ఉన్న ఈ-మెయిల్‌ను జనం ఫోన్‌లాగే చూశారు, పక్కన పీపీ అని రాశారు, ఆ మర్యాద మేమూ పాటిస్తామనుకున్నారు. మేము పక్కింటికి ఫోన్ చేసి సంగతంతా పక్కింటాయనకే చెప్పేశాం.

మర్నాడు కార్డుల కట్టలు విప్పి చూశాను. ఆఫీసు చిరునామా ఇచ్చినవాళ్లలో చాలామంది దాని పక్కన పీపీ అని రాశారు. ఫాక్స్‌ప్రోలో దానికో గడి చేర్పించి కార్డులన్నీ మళ్లీ చూసి ఎక్కించమన్నాను. తర్వాత నియమాలు మార్చాను. పీపీ లేని చిరునామాకు మునుపటిలాగే ఎవరి ఉత్తరం వాళ్లకు వెళుతుంది. పీపీ ఉంటే ఆ చిరునామాకు అంతటికీ కలిపి ఒకటే ఉత్తరం. అందులో హోదా, సర్వీసు గడులను బట్టి పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్ల వరకు పేర్లు వరుసగా ఉంటాయి. కింద ఒకే మాట: "వీరిని దయచేసి పిలవగలరు. ఆదివారం ఉదయం తార్నాక స్కూలులో సుగుణమ్మ గారు వారికోసం ఉంటారు." ఎవరికి చెందిన అసలు ఉత్తరం వాళ్లకు ఇటుకలతో పాత పద్ధతిలోనే తయారవుతుంది. కానీ మెయిల్‌లో పోదు. ప్రింటరు మీద అచ్చయి, కవరులో పెట్టి అంటించాక, వాళ్ల చేతికే అందుతుంది.

డైరెక్టర్ గారు ఒప్పుకోలేదు. "ఏమండీ శారద గారూ, మెయిల్ పెట్టుకున్నది మనుషులు రానక్కర్లేకుండా ఉండటానికా, వాళ్లను రప్పించడానికా? మళ్లీ కవర్లూ జిగురూనా?" అని గట్టిగానే అన్నారు. అడగకుండా రెండో విడత ఆపినందుకు వివరణ కూడా కోరారు. వివరణ ఫైలు మీద నోట్‌గా పెట్టాలి. నేను రాసింది రెండు పేజీలు అయింది. సుగుణమ్మ గారు అది చదివి, ఎర్ర పెన్నుతో ముప్పాతిక కొట్టేసి, నాలుగు వాక్యాలు మిగిల్చారు. చందాదారులు ఇచ్చినవి పీపీ చిరునామాలని, పీపీ నంబరుకు ఫోన్ చేసినప్పుడు పాటించే పద్ధతినే మెయిల్‌కూ పాటించాలని ప్రతిపాదన అని. మూర్తి గారు అది చదివారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గోల్నాకలో గది అద్దెకు తీసుకుని ఉన్నానని, పెళ్లి కుదిరిన కబురు ఇంటివాళ్ల ఫోన్లో వస్తే తనకంటే ముందు వీధంతటికీ తెలిసిందని చెప్పారు. నోట్ ఎవరు డ్రాఫ్ట్ చేశారని అడిగారు. చెప్పాను. సంతకం పెట్టారు.

ఆదివారం జనం వచ్చారు. రైల్వే ఆఫీసుల నుంచి, వారాసిగూడ వైపు ఉన్న ఒక బ్యాంకు శాఖ నుంచి గుంపులుగా వచ్చారు. ఒకే చిరునామా వాళ్లు ఒకే ఆటోలో దిగారు. సుగుణమ్మ గారు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, కవరు చేతికిచ్చి, తలుపు దగ్గరేసుకుని మాట్లాడారు. బయటికొచ్చినవాళ్లను మిగతావాళ్లు ఏమన్నారని అడగలేదు. మరుసటి ఆదివారం ఇంకొందరు వచ్చారు. నర్సింగరావు గారి సెక్షన్ నుంచి మాత్రం ఒక్కరూ రాలేదు. కవిత ఒకరోజు బయట బూత్ నుంచి ఫోన్ చేసి, తనకు చేరాలనే ఉందని చెప్పింది. "సార్ రాకుంట నేనెట్ల వస్త మేడమ్? రేపొద్దున ఆయన ముంగటనే గద కూసునేది," అంది. మిగతావాళ్లదీ అదే పరిస్థితి.

ఆఖరి తేదీ దగ్గర పడింది. మాకు తక్కువ పడుతున్నది దాదాపు ఆ ఒక్క సెక్షన్ మందే. సుగుణమ్మ గారు పాఠాల ప్రతులు అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టారు. లాలాగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో అడిగి వచ్చానని, చిన్న పిల్లలకు చెప్పాల్సి ఉంటుందని మామూలుగా అన్నారు. నాకు చాలా బాధ కలిగింది. నేను తెచ్చిపెట్టిన చిక్కు వల్ల ఆమె ఉద్యోగం పోయేలా ఉంది. నర్సింగరావు గారికి క్షమాపణ ఉత్తరం పంపుతానన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. "వద్దు మేడమ్. బోర్డు మీద మాఫీ అడిగితే అందరికీ మళ్లా యాదికి తెచ్చినట్టే అయితది," అన్నారు. "నేనే పిలుస్త. గంతే," అన్నారు. ఆమెకు సొంత ఈ-మెయిల్ లేదు. నా అకౌంటులో కూర్చుని ఒక్క వాక్యం టైపు చేశారు. నర్సింగరావు గారిని పిలవగలరు, ఇట్లు సుగుణమ్మ, పీపీ. నా చిరునామా ఆమెకు పీపీ అయిందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

అందులో నియమం లేదు, ఇటుక లేదు. నా ప్రోగ్రాముతో ఏ సంబంధమూ లేని ఉత్తరం అది ఒక్కటే. అదీ బోర్డెక్కి ఉంటుంది. విశ్వవిద్యాలయం వాళ్లు హెడ్ క్లర్క్ గారిని పిలుస్తున్నారని సెక్షన్ అంతా చదివి ఉంటుంది. ఎందుకో మాత్రం ఎవరికీ తెలియదు.

మూడోరోజు మధ్యాహ్నం నా అకౌంటుకు వాళ్ల సెక్షన్ నుంచి ఉత్తరం వచ్చింది. తెరిచాను. "సుగుణమ్మ గారిని పిలవగలరు. నర్సింగరావు." కింద ఒక ఫోన్ నంబరు, దాని పక్కన పీపీ. ఇంకేమీ లేదు. నేను లేచి వరండా దాటి, ఆమె పెట్టెలు సర్దుకుంటున్న గదికి వెళ్లి, మీకు పిలుపు వచ్చిందని చెప్పాను. ఎవరి నుంచని ఆమె అడగలేదు. చేతులకంటిన దుమ్ము కొంగుకు తుడుచుకుని వచ్చారు.

ఆ నంబరు వారాసిగూడలో ఒక కిరాణా దుకాణానిది. నా బల్ల మీది ఫోన్‌తోనే చేశారు. అవతల దుకాణదారు ఏం పనమ్మా అని అడిగినట్టున్నాడు. "ఏం లేదన్నా, మాట్లాడేదుండె," అన్నారు సుగుణమ్మ గారు. నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఆఖరి తేదీనాడు ఆ సెక్షన్ వాళ్లందరూ కలిసి వచ్చారు. ముందు నర్సింగరావు గారు, తర్వాత హోదా వరుసలో మిగతావాళ్లు, చివర కవిత. రసీదులు కూడా అదే వరుసలో తీసుకున్నారు. ఆయన కవరు నా సొరుగులో అన్నాళ్లూ ఉంది. ఇచ్చాను. తెరవకుండా జేబులో పెన్నుల పక్కన పెట్టుకున్నారు. ఆ ఏడాది సుగుణమ్మ గారు తరగతిని అంచెలుగా విడదీయలేదు. డ్రాఫ్టింగ్‌కు నేరుగా రావచ్చని మేము రాసినవాళ్లతో సహా అందరికీ మొదటి పాఠం నుంచే మొదలుపెట్టారు. కోర్సు ఆ తర్వాత ఇంకొన్నేళ్లు నడిచింది. అన్నాళ్లూ ఆమె ఉద్యోగం నిలిచింది. నర్సింగరావు గారు రెండో ప్రయత్నంలో పరీక్ష గట్టెక్కారని కవిత చెప్పగా తెలిసింది. ఆయనకు ప్రమోషన్ వచ్చిన నాడు నా అకౌంటుకు మళ్లీ సుగుణమ్మ గారికి పిలుపు వచ్చింది.

ఆ పద్ధతిని తర్వాత మిగతా కోర్సులకూ వాడారు. నేను రిటైరయ్యేదాకా నేను చేసిన ప్రతి చందాదారుల ఫైలులో ఆ పీపీ గడి ఉంచాను. తరువాతి కాలంలో ఎవరి మెయిల్ వాళ్ల జేబులోకి వచ్చేసింది, ఆ గడి ఖాళీగానే ఉండేది. తీసేయమని పై అధికారులు చెప్పినా తియ్యలేదు. మనిషి పేరు, అవసరం తెలుసుకుని అతనికి తగిన ఉత్తరం తయారుచెయ్యడం యంత్రానికి నేర్పవచ్చు, నేను నేర్పాను. కానీ ఆ ఉత్తరం తెరుచుకునే చోట అతని పక్కన ఎవరు నిలబడి ఉంటారో మనమే ముందు కనుక్కోవాలి. అది తెలియనప్పుడు సంగతి రాయకూడదు, పిలిచి ఊరుకోవాలి.